లింకు నొక్కే ముందు అడ్రసు చదువుదాం: పట్టు రైతులకు ఇంటర్నెట్ మాటలు



ఈ వారం పాఠం పురుగుల గురించి కాదు, జేబులో ఉండే ఫోను గురించి. చాకీ పురుగులు ఏ రోజు వస్తాయి, సబ్సిడీ జాబితాలో పేరుందా, నిన్న మార్కెట్లో గూళ్ల రేటు ఎంత పలికింది, లాట్ డబ్బు ఖాతాలో పడిందా, ఇవన్నీ ఇప్పుడు ఫోన్లోనే చూసుకుంటున్నాం. రామనగరం మార్కెట్లో వేలం కంప్యూటర్ మీద నడుస్తుంది, డబ్బు నేరుగా రైతు బ్యాంకు ఖాతాకు పోతుంది. గూళ్లు ధర్మపురికి తీసుకెళ్లినా, పలమనేరుకో హిందూపురానికో తీసుకెళ్లినా, ఆఖరికి లెక్క తేలేది ఫోన్లో వచ్చే మెసేజ్‌తోనే. నెల్నాళ్లు రాత్రీపగలూ ఆకు వేసి పెంచిన పంట ఒక్క రోజులో అంకెగా మారి ఖాతాలో కూర్చుంటుంది. ఆ అంకె మీద కన్నేసిన దొంగ ఇంటికి రానక్కర్లేదు, ఒక లింకు పంపితే చాలు.

మన కడంబత్తూరు, తిరువళ్లూరు, తిరుత్తణి వైపు ఇంకో తంటా కూడా ఉంది. ఆఫీసు కాయితం తమిళంలో, ఫోను ఇంగ్లీషులో, ఇంట్లో మాట తెలుగులో. డొమైను, సర్వరు, ఏపీకే, హోస్టింగు లాంటి మాటలు మూడు భాషల్లోనూ ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అందుకే ఈ పాఠం.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ మెసేజ్‌లో నొక్కే లింకు ఒక్కటి కూడా లేదు. కావాలనే పెట్టలేదు. అడ్రసులన్నీ తెలుగు అక్షరాల్లో రాశాం. మీ ఫోన్లో అవి ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. మధ్యలో ఉన్న చుక్కని 'డాట్' అంటారు. కావలసినవాళ్లు చేత్తో టైపు చేసుకుని వెళ్లండి. ఆ అలవాటే సగం రక్షణ.

*సర్వరు*

అందరికీ తెలిసిన మాటతో మొదలెడదాం. ఈ-సేవై కేంద్రానికి పోతే, "సర్వర్ డౌన్, రేపు రండి" అంటారు. సర్వరు అంటే ఎక్కడో ఒక పెద్ద హాల్లో రాత్రింబగళ్లు ఆగకుండా నడిచే కంప్యూటరు. వెబ్‌సైటులో ఉండే కాయితాలు, జాబితాలు, ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి. మన ఫోను అక్కడికి పోయి అడిగి తెచ్చుకుంటుంది. గూళ్ల మార్కెట్ యార్డు అనుకోండి. యార్డు గేటు మూసి ఉంటే మన బండి ఎంత బాగున్నా పని కాదు. సర్వర్ డౌన్ అంటే అంతే. తప్పు మీ ఫోన్లో లేదు, మీ దరఖాస్తు కొట్టేసినట్టూ కాదు. అయితే కొన్నిచోట్ల వేలిముద్ర కలవకపోయినా, పేరులో అక్షరం తేడా వచ్చినా కూడా సర్వర్ డౌన్ అనేస్తారు. కాబట్టి, "తెరమీద ఏం రాసి ఉందో ఒకసారి చూపించండి" అని అడగండి. దరఖాస్తు లోపలికి పోయి ఉంటే ఒక నంబరు వచ్చుంటుంది. ఆ నంబరు రాసుకోకుండా బయటికి రావొద్దు.

*బ్రౌజరు, సెర్చి, వెబ్‌సైటు*

ఈ మూడూ ఒకటే అనుకుంటారు చాలామంది. "గూగుల్లోకి పోయి చూశా" అంటారు. బ్రౌజరు అంటే మనం ఎక్కి వెళ్లే బండి. ఫోన్లో క్రోమ్ అనే రంగురంగుల గుండ్రటి బొమ్మ ఉంటుందే, అది. వెబ్‌సైటు అంటే మనం చేరాల్సిన చోటు. గూగుల్ సెర్చి అంటే బస్టాండులో దిగి దారి అడిగితే చెప్పే మనిషి.

దారి చెప్పే మనిషి మంచివాడే కావచ్చు. కానీ ఏ క్షేత్రానికి పోయినా చూస్తుంటాం, బస్సు దిగి లాడ్జి ఎక్కడ అని అడిగితే కమీషను ఇచ్చే లాడ్జికే ముందు తీసుకుపోయేవాళ్లు ఉంటారు. గూగుల్లో పైన వచ్చే కొన్ని ఫలితాల మీద చిన్న అక్షరాల్లో 'స్పాన్సర్డ్' అని ఉంటుంది. అంటే డబ్బు కట్టి పైన పెట్టించుకున్నారని అర్థం. డబ్బు కట్టడానికి మంచి కంపెనీ కావొచ్చు, దొంగా కావొచ్చు. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు గూగుల్లో వెతికి, మొదట కనిపించిన నంబరుకి ఫోను చేసి ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్ల కేసులు పోలీసుల దగ్గర కుప్పలుగా ఉన్నాయి. బ్యాంకు నంబరు పాసుబుక్కు మీద ఉంటుంది, ఏటీఎం కార్డు వెనక ఉంటుంది. అక్కడ చూసుకోండి, గూగుల్లో వద్దు.

*డొమైను: ఈ పాఠంలో అసలు సంగతి*

మిగతా మాటలు మర్చిపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటి గుర్తుంటే చాలు. వెబ్‌సైటుకి ఒక పేరు ఉంటుంది, దాన్నే డొమైను అంటారు. ఆ పేరుతో కలిపి పూర్తి అడ్రసుని యూఆర్‌ఎల్ అంటారు. బ్రౌజరు పైన పట్టీలో కనిపించేది అదే.

మనం ఉత్తరం మీద అడ్రసు ఎలా రాస్తాం? ముందు డోరు నంబరు, తర్వాత వీధి, తర్వాత కడంబత్తూరు, తర్వాత తిరువళ్లూరు జిల్లా, ఆఖర్న తమిళనాడు. చిన్నది ముందు, పెద్దది ఆఖర్న. వెబ్‌సైటు పేరు కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. కేంద్ర పట్టు మండలి వాళ్ల ఒక సైటు పేరు చూడండి:

సిల్క్స్.సీఎస్‌బీ.జీఓవీ.ఇన్

ఆఖర్న ఉన్న 'ఇన్' అంటే ఇండియా. దానికి ముందు 'జీఓవీ' అంటే ప్రభుత్వం. దానికి ముందు 'సీఎస్‌బీ' అంటే సెంట్రల్ సిల్క్ బోర్డు, అంటే 1948 చట్టం కింద పెట్టిన, బెంగళూరులో ఉన్న మన పట్టు మండలి. మొదట్లో ఉన్న 'సిల్క్స్' ఆ ఇంట్లో ఒక గది. ఇల్లు ఎవరిదో తెలియాలంటే కుడి నుంచి ఎడమకి చదవాలి. మనం ఇంగ్లీషు చదివినట్టు ఎడమ నుంచి చదువుతాం కాబట్టే మోసపోతాం.

ఇప్పుడు దొంగ ఏం చేస్తాడంటే ఇలా రాస్తాడు:

సీఎస్‌బీ.జీఓవీ.ఇన్.ఫలానా.కామ్/సబ్సిడీ

మొదట్లో సీఎస్‌బీ, జీఓవీ కనిపించగానే ప్రభుత్వానిదే అనుకుంటాం. అడ్రసులో మొదటిసారి వచ్చే ఒంటి ఏటవాలు గీత దగ్గర ఆగండి. మొదట్లో హెచ్‌టీటీపీఎస్ పక్కన రెండు గీతలు కలిసి ఉంటాయి, అవి లెక్కలోకి రావు. ఒంటి గీత తర్వాత ఏముందో వదిలేయండి. ఆ గీత నుంచి వెనక్కి చదవండి. కామ్, దానికి ముందు ఫలానా. కాబట్టి ఈ సైటు 'ఫలానా' అనేవాడిది. ఎడమ పక్కన ఉన్న పేర్లన్నీ వాడు తన ఇంట్లో గదులకి పెట్టుకున్న బోర్డులు. మన పశువుల కొట్టానికి 'కలెక్టరాఫీసు' అని బోర్డు తగిలించుకుంటే అది కలెక్టరాఫీసు అవుతుందా? అంతే ఇదీ.

ఇంకో ఎత్తు ఉంది: సీఎస్‌బీ-జీఓవీ.ఇన్. ఇక్కడ సీఎస్‌బీకి, జీఓవీకి మధ్య చుక్క లేదు, అడ్డగీత ఉంది. అడ్డగీత పేరులో ఒక అక్షరం లాంటిదే. కాబట్టి 'సీఎస్‌బీ-జీఓవీ' అంతా కలిపి ఒక్కటే పేరు, ఎవరైనా కొనుక్కోగలిగిన పేరు. చుక్క ఉందా గీత ఉందా అని చూడకపోతే పొరపాటే.

జీఓవీ.ఇన్ అనే ముగింపు ప్రభుత్వ సంస్థలకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. తమిళనాడు ప్రభుత్వ సైట్లు చాలావరకు టీఎన్.జీఓవీ.ఇన్‌తో ముగుస్తాయి. పీఎం కిసాన్ సైటు పీఎంకిసాన్.జీఓవీ.ఇన్. కామ్, ఓఆర్‌జీ, ఒట్టి ఇన్, ఇవి మాత్రం ఏడాదికి ఇంత అని కట్టిన ఎవరికైనా ఇస్తారు. ఓఆర్‌జీ చూసి ఏదో పెద్ద సంస్థ అనుకోవాల్సిన పని లేదు. ఆ మాటకొస్తే తెలుగు అక్షరాల్లోనే డాట్ భారత్ అని ముగిసే పేర్లు కూడా ఉన్నాయి. వాడకం తక్కువ కాబట్టి మీకు ఎదురుపడకపోవచ్చు.

ఆఖరి మాటకి ఎంత బలముందో మన తిరుత్తణి వాళ్లకి వేరే చెప్పాలా? అదే కొండ, అదే ఊరు, అదే వీధి. 1960 ఏప్రిల్ 1 దాకా అడ్రసు ఆఖర్న చిత్తూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్. ఆ రోజు నుంచి మద్రాసు రాష్ట్రం. ముందున్న మాటలేవీ మారలేదు, ఆఖరిది మారింది. దాంతో కచేరీ, భాష, చట్టం అన్నీ మారిపోయాయి.

అక్షరం తేడా సంగతి కూడా మనకే బాగా తెలియాలి. తిరువళ్లూరుకి రావాల్సిన పార్సిలు మీద ఒక్క అక్షరం తప్పు పడితే తిరువారూరు పోతుంది, అది ఎక్కడో కావేరి డెల్టాలో ఉంది. దొంగలు సరిగ్గా ఈ ఒక్క అక్షరం మీదే బతుకుతారు. ఇంగ్లీషు 'ఓ' బదులు సున్నా పెడతారు. 'ఎమ్' బదులు 'ఆర్', 'ఎన్' పక్కపక్కన రాస్తారు, చిన్న తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కళ్లజోడు పెట్టుకుని చూడాల్సిన పనే ఇది, సిగ్గుపడక్కర్లేదు.

బ్యాంకుల విషయంలో ఈ మధ్య ఒక మంచి మార్పు వచ్చింది. దేశంలో బ్యాంకులన్నీ తమ సైటు పేరుని బ్యాంక్.ఇన్ అనే ముగింపుకి మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చి, ఆ ఏడాది అక్టోబరు 31 గడువు పెట్టింది. ఉదాహరణకి స్టేట్ బ్యాంకు ఇప్పుడు ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్. ఈ పేర్లు ఇచ్చే అధికారం ఒక్క సంస్థకే ఉంది, హైదరాబాదులో ఉన్న ఐడీఆర్‌బీటీకి. రిజర్వు బ్యాంకు పెట్టిన సంస్థ అది. బ్యాంకు కాని వాడికి ఆ ముగింపు దొరకదు. కాబట్టి మీ బ్యాంకు పేరుతో వచ్చిన లింకు బ్యాంక్.ఇన్ అని ముగియకపోతే అక్కడే ఆగిపోండి. ఇక్కడ కూడా చుక్క చూసుకోవాలి సుమా, అడ్డగీత కాదు.

ఇక కుదించిన లింకులు. నాలుగైదు అక్షరాలే ఉంటాయి, ఎక్కడికి పోతుందో పైకి కనిపించదు. ముసుగేసుకుని వచ్చిన మనిషిలాంటిది. డబ్బు, ఆధారు, బ్యాంకు మాట ఉన్న మెసేజ్‌లో కుదించిన లింకు ఉంటే నొక్కొద్దు. లింకు కింద కనిపించే పట్టు మండలి ముద్ర, ప్రధాని ఫొటో లాంటివి రుజువు కావు. ఆ బొమ్మ ఎవరైనా పెట్టుకోవచ్చు.

*హెచ్‌టీటీపీఎస్, తాళం బొమ్మ*

అడ్రసు మొదట్లో హెచ్‌టీటీపీఎస్ ఉంటే, తాళం బొమ్మ ఉంటే సైటు మంచిదని కొన్నేళ్ల కిందట అందరూ చెప్పేవాళ్లు. సగం నిజం. దాని అర్థం మీ ఫోనుకీ ఆ సర్వరుకీ మధ్య పోయే మాటలు దారిలో ఇంకెవరూ చదవలేరని. గూళ్లు మూసిన బండిలో పోతున్నాయి, దారిలో ఎవరూ చెయ్యి పెట్టలేరు. కానీ అవతల దించుకునే రీలరు నిజాయితీపరుడా కాదా అనేది బండికి సంబంధం లేని విషయం. ఈ తాళం ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది, దొంగ సైట్లకి కూడా ఉంటుంది. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ ఆ తాళం బొమ్మనే తీసేసింది. హెచ్‌టీటీపీఎస్ లేకపోతే మాత్రం అక్కడ పాస్‌వర్డు, కార్డు నంబరు కొట్టొద్దు.

*ఎస్సెమ్మెస్ పేరు ఆఖర్న ఒక అక్షరం*

కంపెనీల నుంచి, ఆఫీసుల నుంచి మామూలు ఎస్సెమ్మెస్ వస్తే, పంపినవాళ్ల పేరు ఆఖర్న అడ్డగీత పెట్టి ఒక ఇంగ్లీషు అక్షరం కనిపిస్తుంది. 2025 నుంచి వచ్చిన పద్ధతి ఇది. జీ అంటే ప్రభుత్వం, టీ అంటే లావాదేవీ, ఎస్ అంటే సర్వీసు, పీ అంటే ప్రచారం. "మీ సబ్సిడీ మంజూరైంది" అని పది అంకెల మామూలు నంబరు నుంచి వస్తే అనుమానించండి. వాట్సాప్‌లో ఈ అక్షరాల పద్ధతి లేదు, అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి.

*ఏపీకే*

ఇది మన పెబ్రిన్ లాంటిది. పోలిక ఊరికే తేలేదు, వివరంగా చూడండి.

పెబ్రిన్ తల్లి చిలక నుంచి గుడ్డులోకి వస్తుంది. గుడ్డు చూస్తే ఏం తెలీదు. చాకీలోనూ ఒక్కోసారి తెలీదు. పంట చేతికొచ్చే వేళకి షెడ్డంతా పోతుంది, పక్కవాళ్ల షెడ్డుకీ అంటుతుంది. అందుకే గ్రెయినేజీలో తల్లి చిలకని నూరి సూక్ష్మదర్శిని కింద చూసి, రోగం లేదంటేనే గుడ్లు బయటికి ఇస్తారు. 1860లలో ఫ్రాన్సులో పట్టు రైతులు దివాలా తీస్తుంటే లూయీ పాశ్చర్ చూపించిన దారి అది. డీఎఫ్‌ఎల్ అనే మాటకి అర్థమే రోగం లేని గుడ్లు.

ఫోన్లో యాప్ కూడా గుడ్డు లాంటిదే. ప్లే స్టోరు నుంచి తెచ్చుకుంటే గూగుల్ వాళ్లు ఒకసారి పరీక్ష చేసి పెట్టి ఉంటారు. నూటికి నూరు కాకపోయినా గ్రెయినేజీ ముద్ర ఉన్నట్టే. ఏపీకే అంటే ఆ పరీక్ష లేకుండా నేరుగా చేతికి వచ్చిన యాప్ ఫైలు. వాట్సాప్‌లో అది కాయితం బొమ్మతో, పేరు ఆఖర్న డాట్ ఏపీకే అని కనిపిస్తుంది. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో, ఆఖరికి పెళ్లి పత్రిక పేరుతో కూడా ఈ ఫైళ్లు తిరుగుతున్నాయి. ఆంధ్రా, తెలంగాణ, తమిళనాడు పోలీసులు మళ్లీ మళ్లీ హెచ్చరించారు. పెళ్లి పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఏపీకేగా రావాల్సిన అవసరమే లేదు. పీడీఎఫ్ అంటే చదువుకునే కాయితం. ఏపీకే అంటే ఇంట్లోకి వచ్చి కూర్చునే మనిషి.

లోపలికి వచ్చాక అది ఏం చేస్తుందో తెలిస్తే భయం వేస్తుంది. ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది, మనం 'అలౌ' నొక్కుతాం. ఆ తర్వాత బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలు మనకంటే ముందు దొంగకి చేరుతాయి. కొన్ని రకాలైతే మన వాట్సాప్ నుంచి మన గ్రూపులన్నిటికీ అదే ఫైలు పంపిస్తాయి. అందుకే అది మీ బావమరిది నంబరు నుంచో, సంఘం నాయకుడి నంబరు నుంచో వస్తుంది. తెలిసినవాళ్లు పంపారు కదా అని తెరవకండి. వాళ్లకి ఫోను చేసి, "అన్నా, నువ్వే పంపావా?" అని నోటితో అడగండి. ఈ గ్రూపులో మాత్రం ఎవరు పంపినా ఏపీకే ఫైలు అంటే తీసేస్తాం, అడ్మిన్లు పంపినా అదే రూలు.

ఇప్పటికే నొక్కి ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఉంటే, వెంటనే ఫోనుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. ఇంట్లో ఇంకో ఫోను నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా ఆపించండి. ఆ తర్వాతే యాప్ తీసెయ్యడం, ఫోను శుభ్రం చేయించడం. షెడ్డులో రోగం కనపడితే ముందు ఆ తట్ట వేరు చేసి, తర్వాత బ్లీచింగు కొడతాం కదా, అదే వరస.

*ఓటీపీ, పిన్, క్యూఆర్*

ఓటీపీ అంటే ఒక్కసారికే పనికొచ్చే తాళంచెవి. మీరు ఏ పనీ మొదలెట్టకుండా ఓటీపీ వచ్చిందంటే ఎవరో మీ తలుపు దగ్గర నిలబడి ఉన్నారని అర్థం. పిన్ అంటే మీ గల్లాపెట్టె తాళం, డబ్బు *బయటికి* పోవడానికే దాంతో పని. డబ్బు లోపలికి రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చెయ్యక్కర్లేదు.

ఈ వాక్యం చదివి "ఇది తెలిసిందే కదా" అనుకుంటారు. కానీ మోసం ఎలా వస్తుందో చూడండి. మీరు వీ-1 మల్బరీ కడ్డీలు అమ్ముతామని ఫేస్‌బుక్‌లో పెడతారు. ఒకాయన ఫోను చేసి, ఎకరానికి సరిపడా కావాలి, రేటు బేరం కూడా ఆడను అంటాడు. అడ్వాన్సు పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొడితే మీ ఖాతాలో పడుతుంది అంటాడు. బేరం ఆడని కొనుగోలుదారుని చూసిన ఆనందంలో పిన్ కొట్టేస్తాం. క్యూఆర్ అనేది 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ అనే కంపెనీ కారు భాగాల లెక్క కోసం తయారు చేసిన గళ్ల ముద్ర. అందులో ఒక రాత దాగి ఉంటుంది, అంతే. ఆ రాత వెబ్ అడ్రసు కావొచ్చు, డబ్బు ఎవరికి పోవాలో చెప్పే వివరం కావొచ్చు. కంటితో చూసి చెప్పలేం కాబట్టి, స్కాన్ చేశాక తెరమీద వచ్చే పేరు చదవండి. 'పే' అని ఉంటే మీరు ఇస్తున్నారు, తీసుకోవడం లేదు. ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి యూపీఐలో "డబ్బు పంపు" అని రిక్వెస్టు పెట్టే సౌకర్యాన్ని 2025 అక్టోబరు 1 నుంచి తీసేశారు, దాంతో ఒక దారి మూతపడింది. క్యూఆర్ దారి ఇంకా తెరిచే ఉంది.

వాట్సాప్ గురించి ఒక్క మాట. ఆరు అంకెల కోడు పొరపాటున మీకు వచ్చింది, చెప్పండి అని ఎవరైనా అడిగితే అది మీ వాట్సాప్ లాక్కోవడానికే. సెట్టింగ్స్‌లో అకౌంటు కింద 'టూ-స్టెప్ వెరిఫికేషన్' అని ఉంటుంది, ఇంట్లో చదువుకునే పిల్లలతో ఈరోజే పెట్టించుకోండి.

కుకీలంటే బిస్కెట్లు కాదు. మీరు రోజూ పోయే టీ కొట్టువాడు, అడక్కుండానే చక్కెర తక్కువ వేసి ఇస్తాడు. వెబ్‌సైటు కూడా అలా మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి మీ బ్రౌజరులో పెట్టుకునే చిన్న చీటీ కుకీ. వేరేవాళ్ల కంప్యూటర్లో, ఈ-సేవై కేంద్రంలో లాగిన్ అయితే 'లాగవుట్' కొట్టి రావాలనేది ఇందుకే. చీటీ అక్కడే ఉండిపోతే తర్వాత కూర్చున్నవాడు మీ పేరుతో లోపలికి పోతాడు.

*డబ్బు పోతే*

1930కి ఫోను చెయ్యండి. దేశమంతా ఒకటే నంబరు. లేదా సైబర్‌క్రైమ్.జీఓవీ.ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. పోయిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దూకుతూ పోతుంది, ఏటీఎంలో తీసేలోపల ఆపితే దొరికే అవకాశం ఉంటుంది. ఇంట్లో తిడతారని, ఊళ్లో నవ్వుతారని రెండు రోజులు దాచిపెడితే ఆ అవకాశం పోతుంది. బ్యాంకు నుంచి డబ్బు కట్ అయిన మెసేజ్ చెరపొద్దు, అందులోని లావాదేవీ నంబరు అడుగుతారు.

బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పడం వేరే ముఖ్యం. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాడు కొట్టేసిన సొమ్ము గురించి బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోపల చెబితే నష్టం మీ మీద పడదు. ఓటీపీనో పిన్నో మీరే చెప్పి ఉంటే, మీరు బ్యాంకుకి తెలియజేసే దాకా పోయింది మీ నెత్తిన, తెలియజేసిన తర్వాత పోయేది బ్యాంకు నెత్తిన. అందుకే చెప్పిన టైము, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి.

*సొంత వెబ్‌సైటు పెట్టుకునేవాళ్లకి*

చాకీ కేంద్రం నడిపేవాళ్లు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, కాంచీపురం వైపు నేతగాళ్లకి నూలు ఇచ్చేవాళ్లు కొందరు వెబ్‌సైటు గురించి అడుగుతున్నారు. నా అభిప్రాయం చెప్తాను. చుట్టూ ఇరవై ఊళ్లకి చాకీ ఇచ్చే కేంద్రానికి వెబ్‌సైటు అక్కర్లేదు. గూగుల్ మ్యాపులో మీ కేంద్రం పేరు, ఫోను నంబరు, ఫొటోలు ఉచితంగా పెట్టుకోవచ్చు, వాట్సాప్ బిజినెస్‌లో రేట్ల పట్టిక పెట్టుకోవచ్చు. మొహం చూడని, దూరాన ఉన్న కొనుగోలుదారు మీ దగ్గరికి రావాలంటేనే వెబ్‌సైటు ఖర్చుకి అర్థం.

పెట్టుకోవాలంటే మీరు కొనేవి మూడు వేరువేరు వస్తువులు, ఒకే బిల్లులో కలిపి చెప్తారు. డొమైను, అంటే పేరు. హోస్టింగు, అంటే సర్వరులో చోటుకి అద్దె. డిజైను, అంటే పేజీలు తయారు చేసిన కూలి. డిజైను ఒకసారి ఇచ్చేది. డొమైను, హోస్టింగు ప్రతి ఏడాదీ కట్టాలి. పేరు కొన్నాం అంటాం గానీ, అది పట్టా భూమి కాదు, కౌలు. గడువు దాటినా కట్టకపోతే కొన్నాళ్లకి ఇంకెవడైనా ఆ పేరు తీసుకోవచ్చు, మీ బిల్లు పుస్తకం మీద, షెడ్డు గోడ మీద మాత్రం ఆ పేరే ఉంటుంది. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెండో ఏడాది నుంచి ఎక్కువ తీసుకోవడం ఈ వ్యాపారంలో మామూలే, కాబట్టి రెన్యువల్ ధర ముందే అడగాలి.

'రెస్పాన్సివ్' అంటే ఫోను తెరకి సరిపోయేట్టు పేజీ సర్దుకుంటుందని. అది లేనిదే డబ్బు ఇవ్వొద్దు, మీ కొనుగోలుదారుల చేతిలో ఉండేది ఫోనే. 'ఎస్‌ఈఓ' అంటే సెర్చిలో పైకి వచ్చేలా పేజీలు సరిగా రాసుకోవడం. గూగుల్లో మొదటి స్థానం గ్యారంటీ అనేవాడిని నమ్మొద్దు. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెప్పింది. 'క్లౌడ్' అంటే మబ్బు కాదు, అదీ ఎవరిదో సర్వరే.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పేరు ఎవరి మీద రిజిస్టరైంది అనే దగ్గర వస్తుంది. చేసిచ్చే కుర్రాడు తన ఈమెయిలుతో, తన పేరు మీద డొమైను తీసుకుంటాడు. రెండేళ్ల తర్వాత అతను ఇంకో ఉద్యోగానికి పోతే ఫోను ఎత్తడు, పాస్‌వర్డు మీ దగ్గర ఉండదు, రెన్యువల్ మెసేజ్‌లు అతనికే పోతుంటాయి. భూమి కొని రిజిస్ట్రేషను దళారి పేరు మీద చేయించినట్టు అవుతుంది. కాబట్టి డొమైను సంఘం పేరు మీద, సంఘం ఈమెయిలుతో ఉండాలి. హోస్టింగు లాగిన్, సైటు అడ్మిన్ లాగిన్ రెండూ కాయితం మీద రాసి మీ చేతికి ఇవ్వాలి. సైటు మొత్తం బ్యాకప్, అంటే నకలు, ఆరు నెలలకొకసారి మీకు ఇవ్వాలి. ప్రతి ఏడాదీ ఎంత కట్టాలో రూపాయల్లో ఉండాలి. ఈ నాలుగూ ఒప్పందంలో రాయించుకుని సంతకం పెట్టించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.